పంట డబ్బు పన్నెండు నెలలు నిలవాలంటే: ఇంటి లెక్క పెట్టుకునే పద్ధతి

మా పొదుపు సంఘం పుస్తకాలు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "అక్కా, వడ్లు అమ్మిన డబ్బులు ఉగాదికి చేతికొచ్చాయి, వినాయక చవితికల్లా అయిపోయాయి. దేనికి పోయాయో చెప్పమంటే చెప్పలేను. ఏం చేయాలి?" నేను ఒకరికి ఒక ముక్క, ఇంకొకరికి ఇంకో ముక్క చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం వరసగా రాస్తున్నాను.

పొదుపు గురించి ఎవరు చెప్పినా "జీతంలో ఇంత శాతం పక్కన పెట్టండి" అంటారు. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఒకటో తారీఖున జీతం పడే ఇళ్ళు ఎన్ని? కోవూరు, అల్లూరు వైపు వరి డబ్బు మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. కొండపి, టంగుటూరు పొగాకు రైతుకు వేలం నడిచే నెలల్లో. రొయ్యల చెరువు వేసినవాళ్ళకు మూడు నాలుగు నెలలకోసారి, అదీ వైరస్ తగలకపోతే. చీమకుర్తి క్వారీల్లో కూలికి వారం వారం. సముద్రం మీద బతికేవాళ్ళకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు రాబడే ఉండదు.

డబ్బు కుప్పగా వస్తుంది, ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. ఆ కుప్పను మనమే నెల జీతంగా మార్చుకోవాలి. కింద రాసినదంతా ఆ ఒక్క పని కోసమే.

1. మొదటి నలభై రోజులు రాయడం ఒక్కటే పని

ఏ ఖర్చూ తగ్గించవద్దు, రాయండి చాలు. ఇంట్లో పాత స్కూలు నోట్సు ఉంటే అందులో మిగిలిన పేజీలు సరిపోతాయి. ఫోన్‌లో యాప్ వద్దని చెప్పను. కానీ ఇంట్లో అందరికీ కనిపించేలా వంటింటి మేకుకు తగిలించిన పుస్తకం చేసే పని యాప్ చేయలేదని నా అనుభవం.

మా ఇంటి పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

- పాలు 35
- వంకాయలు, పచ్చిమిర్చి 60
- ఆటో, కావలి రానూపోనూ 80
- పెద్దోడి రీఛార్జి 299
- బజ్జీలు 40
- మామయ్య బీపీ మాత్రలు 210

ఆ రోజు రాత్రి కూడితే 724 అయింది. బజ్జీలు మానేయాలని ఎవరూ అనలేదు. అయితే నెల చివర చూస్తే ముగ్గురి రీఛార్జిలు కలిపి వెయ్యి దాటాయి. ఇంట్లో వైఫై లేకుండా మూడు డేటా ప్యాక్‌లు వేస్తున్నామన్న సంగతి అప్పటిదాకా మా దృష్టికే రాలేదు.

ఈ మెట్టులో చాలామంది చేసే తప్పులు రెండు. ఒకటి, ఫోన్‌పేలో పోయినవి ఫోన్‌లో ఉంటాయి కదా అని రాయకపోవడం. పది, ఇరవై రూపాయలుగా పోయేవన్నీ అందులోనే ఉంటాయి. రాత్రి ఫోన్ తీసి హిస్టరీ చూసి దించుకోండి. రెండోది, మగవాళ్ళ ఖర్చు పుస్తకంలోకి రాకపోవడం. దీని మీద ఇంట్లో గొడవ పెట్టుకోకండి. "బయట ఖర్చు" అని ఒక వరస పెట్టి, దేనికని అడక్కుండా అంకె మాత్రం చెప్పమనండి. అంకె చెప్పడం అలవాటైతే మిగతాది నెమ్మదిగా వస్తుంది.

2. ఏడాదిలో ఏ నెల ఏం మీద పడుతుందో రాసుకోండి

నెల ఖర్చు తెలిశాక, నెలనెలా రాని పెద్ద ఖర్చులు పట్టుకోవాలి. ఇళ్ళు అప్పులోకి జారేది వీటి దగ్గరే. ఒక క్యాలెండర్ తీసుకుని నెలల పక్కన రాయండి:

- ఏప్రిల్: ఇంటి పన్ను. మున్సిపాలిటీలో ఏడాది మొత్తం ఈ నెలలోనే కడితే 5 శాతం తగ్గిస్తారు.
- మే: పెళ్ళిళ్ళు, చదివింపులు, ఊరగాయలు, బీమా ప్రీమియం.
- జూన్: స్కూలు, కాలేజీ ఫీజులు, పుస్తకాలు, బ్యాగులు.
- ఆగస్టు నుంచి అక్టోబరు: వరలక్ష్మీ వ్రతం, చవితి, దసరా.
- నవంబరు, డిసెంబరు: తుఫాన్ల కాలం. పనులు ఆగుతాయి, పైకప్పు కారుతుంది, జ్వరాలు వస్తాయి.
- జనవరి: పెద్ద పండగ బట్టలు, కూతురూ అల్లుడూ వస్తే ఆ ఖర్చు.

చదివింపుల లెక్క తప్పకుండా వేయండి. కట్నం పుస్తకంలో మనకు ఎవరు ఎంత రాశారో ఉంటుంది, తిరిగి పెట్టక తప్పదు. దాన్ని "అనుకోని ఖర్చు" అనడం సరికాదు, పెళ్ళి సీజన్ ప్రతి ఏడూ వస్తుంది.

3. అప్పులన్నీ ఒకే లెక్కలోకి తెచ్చుకోండి

ఒక కాగితం మీద ఎవరికి ఎంత, ఏ వడ్డీ, ఎప్పటికి కట్టాలి అని రాయండి. మన చిక్కంతా వడ్డీని ఒక్కో చోట ఒక్కో భాషలో చెప్పడం. బ్యాంకులో ఏడాదికి శాతాల్లో చెబుతారు, ఊళ్ళో రూపాయల్లో, డైలీ ఫైనాన్స్‌లో రోజు కిస్తీలో. అన్నీ ఏడాది శాతంలోకి మార్చండి.

- రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం.
- రెండు రూపాయలంటే 24 శాతం. లక్షకు నెలకు 2,000.
- అయిదు రూపాయలంటే 60 శాతం.
- పంట రుణం 3 లక్షల లోపు అయితే వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవాళ్ళకు 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది.

డైలీ ఫైనాన్స్ లెక్క చాలామందికి తెలియదు, అందుకే విడిగా చెబుతున్నాను. పది వేలు అని రాసుకుని, వెయ్యి ముందే కోసుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గర ఉండవు. రెండో రోజు నుంచే తిరిగి వెళ్ళిపోతుంటాయి. సగటున మీ చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేల మీద వంద రోజులకు వెయ్యి రూపాయలంటే ఏడాదికి దాదాపు 80 శాతం. ఇది లెక్క వేసి చూపించాక మా సంఘంలో కూరగాయల బండి నడిపే ఆమె చాలాసేపు కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంది. ఏడాదికి మూడుసార్లు తీసుకుంటోంది ఆమె.

తీర్చే వరస: ఎక్కువ శాతం ఉన్నది ముందు. మిగతా వాటికి గడువు దాటకుండా చూసుకుంటూ, చేతికొచ్చిన అదనపు డబ్బంతా ఆ ఒక్క అప్పు మీదే పెట్టండి. "చిన్న చిన్నవి అందరికీ కొంచెం కొంచెం ఇద్దాం" అంటే ఏదీ తీరదు.

పంట రుణం వడ్డీ తక్కువే కాబట్టి దాన్ని తీర్చడానికి తొందర అక్కర్లేదు గానీ గడువు తేదీ మాత్రం దాటనివ్వకండి. దాటితే ఆ 3 శాతం రాయితీ పోతుంది. రెన్యువల్ తేదీ కోసం బయట అయిదు రూపాయలకు తెచ్చి కట్టే పరిస్థితి రాకుండా, నెల ముందే ఏర్పాటు చూసుకోండి.

4. కుప్పను నాలుగు భాగాలు చేయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. డబ్బు ఖాతాలో పడిన వారంలోపే చేయాలి. ఆలస్యమైతే బండి మారుద్దాం, ఫ్రిజ్ కొందాం అన్న మాటలు మొదలవుతాయి.

ఒక ఇంటి లెక్క చూద్దాం. బయటి అప్పులూ కోత కూలి డబ్బులూ పోను 3,60,000 మిగిలిందనుకోండి.

- వచ్చే పంట పెట్టుబడి: 1,20,000
- ఏడాది పెద్ద ఖర్చులు (రెండో మెట్టులో రాసినవి): 60,000
- ఇంటి నెల జీతం, 12,000 చొప్పున 12 నెలలు: 1,44,000
- ఆపద సొమ్ము: 36,000

పెట్టుబడిని ముందే తీసి పెట్టడం చాలా ఇళ్ళలో జరగదు. అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, మళ్ళీ నాట్లప్పుడు ఎరువుల కొట్టులో అరువు. అరువుకు తీసుకున్నప్పుడు బస్తా మీద ఎంత ఎక్కువ వేస్తున్నారో నగదు ధరతో పోల్చి చూడండి. ఆ తేడా కూడా వడ్డీయే. రొయ్యల మేత అరువుకు తెచ్చేవాళ్ళకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

నెలకు పన్నెండు వేలు చాలకపోతే ఏం చేయాలి? ముందు పుస్తకం చూడండి. మొదటి మెట్టులో రాసిన దాని ప్రకారం పదిహేను వేలు అవుతుంటే, ఆ మూడు వేలు కేంద్రానికి పాలు పోస్తే వచ్చే బిల్లు నుంచో, కుట్టు మిషన్ నుంచో, కూలి నుంచో రావాలి. పెట్టుబడి భాగంలో నుంచి మాత్రం తీయకండి.

రోజు కూలి, ఆటో నడిపేవాళ్ళకు కుప్ప ఉండదు కదా అంటారు. వాళ్ళకు మంచి వారాలు, చెడ్డ వారాలు ఉంటాయి. మూడు నెలల రాబడి రాసి, అందులో తక్కువ వచ్చిన నెలను మీ జీతం అనుకోండి. మిగతా నెలల్లో అంతకంటే ఎక్కువ వచ్చిందంతా పక్కకు. వేటకు వెళ్ళే ఇళ్ళు ఏప్రిల్ 15 నాటికి రెండు నెలల జీతం పక్కన ఉండేలా పది నెలల పాటు నెలకు అయిదో వంతు తీసి పెట్టాలి. ప్రభుత్వం ఇచ్చే వేట విరామ భృతి ఎప్పుడు పడినా అది పైన వచ్చినట్టే లెక్క.

5. ఏ భాగం ఎక్కడ పెట్టాలి

రెండు ఖాతాలు కావాలి. మొదటిది దాచే ఖాతా. దీనికి ఫోన్‌పే, గూగుల్‌పే కలపవద్దు, ఏటీఎం కార్డు బీరువాలో ఉండాలి. రెండోది ఖర్చు ఖాతా. ప్రతి నెలా ఒకటో తారీఖున మొదటి దాని నుంచి రెండో దానికి 12,000 దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. ఇరవయ్యో తారీఖుకి అయిపోతే అయిపోయినట్టే, ఒకటి దాకా సర్దుకోవాలి. మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది.

పెట్టుబడి డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. ఒకే డిపాజిట్‌గా కాకుండా 40,000 చొప్పున మూడు. దుక్కులకు ఒకటి, నాట్లకు ఒకటి, ఎరువులకు ఒకటి అన్నట్టు గడువు తేదీలు పెట్టుకోండి. మధ్యలో అత్యవసరం వచ్చినా ఒకటి విరిగితే రెండు నిలుస్తాయి.

పెద్ద మొత్తాలు ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా కింద ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే వస్తుంది. "మేం పన్నెండు శాతం ఇస్తాం" అనే సొసైటీల దగ్గర ఆ బీమా ఉందో లేదో అడగండి.

పొదుపు పథకాల్లో ఏది వేయాలని అడుగుతుంటారు. పంట డబ్బుకు ఏడాదికి ఒక్కసారి కట్టినా నడిచేవి కుదురుతాయి. పదేళ్ళ లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి. ఏడాదికి తక్కువలో తక్కువ 250, ఎక్కువలో ఎక్కువ 1,50,000 కట్టవచ్చు. పదిహేనేళ్ళు కడితే ఖాతా తెరిచిన ఇరవై ఒక్కేళ్ళకు చేతికొస్తుంది, పాపకు పద్దెనిమిది నిండాక పైచదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఇదే తీరులో ఎవరైనా వేసుకోగలిగేది పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్), ఏడాదికి 500 నుంచి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 నుంచి ఉంది, అయిదేళ్ళు. అది పాల బిల్లు వచ్చే ఇళ్ళకు సరిపోతుంది. పంట డబ్బుతో బతికేవాళ్ళు నెలనెలా కట్టేవి ఎత్తుకుంటే నవంబరులో తప్పిపోతాయి.

6. వంటింటి సరుకులు: పంట కాలంలో కొనడం

ఉన్నచోట బతికే లాభం ఇదే. బియ్యం, మిరపకాయలు, కందిపప్పు, చింతపండు మన చుట్టుపక్కలే పండుతాయి. కొత్త కందులు జనవరి, ఫిబ్రవరిలో, మిరప మార్చిలో, చింతపండు మార్చి, ఏప్రిల్‌లో చవకగా ఉంటాయి. ఏడాదికి కావలసినవి అప్పుడే కొనండి. ఒక షరతు, నగదు ఉంటేనే. అరువు మీద ఏడాది సరుకు కొంటే చవక పోయి వడ్డీ మిగులుతుంది.

కొన్నదాన్ని పాడు కాకుండా ఉంచడంలోనే ఆదా అంతా ఉంది. నేను చేసే పద్ధతి చెబుతాను. మిరపకాయలు తొడిమలు తీయకుండా రెండు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాత తొడిమలు తీసి, వేలితో విరిస్తే టప్‌మని విరిగే దాకా మళ్ళీ ఎండలో పెడతాను. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. మరకు పట్టించిన కారం వెంటనే డబ్బాలో పోయను. గుడ్డ మీద పరిచి చల్లారనిచ్చి, చేత్తో గట్టిగా అదుముతూ జాడీలోకి నింపి పైన ఒక పొర ఉప్పు వేస్తాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఏడాది కార్తీకంలో ముసురు పట్టి ఉండ కట్టింది, మూడు కిలోలు పారబోశాను. చింతపండుకు గింజలు, ఈనెలు తీసి ఎండబెట్టి, ఉప్పు కలిపి ముద్దలు చేస్తే ఏడాదంతా పురుగు రాదు.

బియ్యం కొనేటప్పుడు బస్తా ధర కాదు, కిలో ధర చూడండి. 25 కిలోల బస్తాలు, 26 కిలోల బస్తాలు పక్కపక్కనే ఉంటాయి. రైతు దగ్గర వడ్లు కొని ఆడించుకునేవాళ్ళు పుట్టి ఎన్ని కిలోలకు మాట్లాడుకున్నారో ముందే తేల్చుకోండి. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అన్ని చోట్లా అంతే ఉండదు.

7. చీటీ వేసే ముందు

చీటీ చెడ్డదని అనను, నియమం ప్రకారం నడిచేది అయితే. లక్ష చీటీ, ఇరవై మంది, నెలకు అయిదు వేలు. ఒకరు 25,000 తగ్గించి 75,000కు పాడుకున్నారు. ఆ 25,000లో 5,000 నిర్వాహకుడి కమీషన్, మిగతా 20,000 ఇరవై మందికి వెయ్యి చొప్పున. కాబట్టి ఆ నెల మీరు కట్టేది 4,000. ముందుగా పాడుకుంటే అది అప్పు, చివరి దాకా ఉంటే పొదుపు. మీరు దేనికి వేస్తున్నారో చేరే రోజే తేల్చుకోండి.

నేను మోసపోయింది రిజిస్టర్ కాని చీటీలో. మా వీధిలో అందరూ నమ్మే ఒకావిడ దగ్గర నెలకు 2,000 చొప్పున పద్నాలుగు నెలలు కట్టాను. ఆమె నోటుబుక్కులో టిక్కు తప్ప నా దగ్గర రసీదు ముక్క లేదు. పదిహేనో నెల వెళ్తే ఇంటికి తాళం. 28,000 పోయాయి. ఎక్కడ చెప్పుకుందామన్నా చూపించడానికి కాగితం లేదు.

చేరే ముందు ఇవన్నీ ఉన్నాయా చూడండి:

- చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన ఆ గ్రూపు నంబరు (కంపెనీ నంబరు ఒక్కటే చాలదు)
- రెండు వైపులా సంతకాలున్న ఒప్పందం కాపీ మీ చేతిలో
- పాస్‌బుక్, ప్రతి కిస్తీకి రసీదు
- పాడుకున్నాక ఎంతమంది షూరిటీ కావాలో, ఎన్ని రోజుల్లో డబ్బిస్తారో రాతపూర్వకంగా

ఒక్కటి లేకపోయినా చేరకండి. చెప్పిన మనిషి మేనత్తయినా సరే.

8. సంఘం అప్పు

రోజుకో రూపాయితో పొదుపు సంఘాలు మొదలైన జిల్లా మన నెల్లూరు. సంఘంలో దొరికేంత తక్కువ వడ్డీ బయట దొరకదు, కాబట్టి ఆ అప్పును పనికొచ్చే చోటికే వాడండి: గేదె, మిషన్, అయిదు రూపాయల అప్పు తీర్చడం. మీ పేరున తీసి ఇంకొకరికి ఇవ్వకండి. వాళ్ళు కట్టకపోతే మీ ఒక్కరికే కాదు, పదిమందికీ తర్వాతి లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) ఆగుతుంది. సంతకం పెట్టిన రోజు తీర్మానంలో ఎంత రాశారో చదివించుకోండి, ఖాతాలో అంతే పడిందో లేదో చూసుకోండి.

9. బంగారం

సవర (ఎనిమిది గ్రాముల) బంగారం కొనాలనుకుంటే హాల్‌మార్క్ గుర్తుతో పాటు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉందో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. తరుగు, మజూరీ ఎంతో బిల్లు వేయకముందే అడగండి. పొదుపు కోసమైతే రాళ్ళ నగ వద్దు, తాకట్టు పెట్టినా అమ్మినా రాళ్ళ బరువు తీసేస్తారు. తాకట్టు చీటీ మీద గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాయండి.

10. బీమా, మోసాలు

ఇంట్లో సంపాదించేవాళ్ళందరికీ బ్యాంకు ఖాతా మీద ఈ రెండు ప్రధానమంత్రి బీమాలూ చేయించండి. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి ఏడాదికి 436, 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక ప్రీమియం కట్ కాని ఇళ్ళు మా ఊళ్ళోనే చూశాను. మే 20న ఒకసారి బ్యాలెన్స్ చూడండి.

డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. ఎవరైనా కొట్టమన్నారంటే అది మన డబ్బు లాగడానికే. పొరపాటు జరిగితే టెన్షన్‌లో కాలం పోగొట్టకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే ఇంట్లో చెప్పుకోవచ్చు.

11. మధ్యలో గాడి తప్పితే

ఆపద సొమ్ము ఆసుపత్రికి అయిపోయింది: అది అందుకే ఉంది, బాధపడకండి. తర్వాత వచ్చే ఏ డబ్బులోనైనా మొదటి వాటా దాన్ని నింపడానికే.

పంట పోయింది: నెల జీతం అదే వారం తగ్గించండి, పన్నెండు నుంచి తొమ్మిదికి. ఆరు నెలలు చూసి తగ్గిద్దాం అంటే అప్పటికి ఏమీ మిగలదు. బ్యాంకుకు వెళ్ళి రుణం గడువు మార్చమని మీరే ముందు అడగండి.

పుస్తకం రాయడం ఆగిపోయింది: పాతవి గుర్తుచేసుకుని రాయబోతే విసుగొస్తుంది. వదిలేసిన రోజులకు ఒక గీత కొట్టి, ఈరోజు తేదీ వేసి పాల దగ్గర నుంచి మొదలుపెట్టండి.

ఖాతాలు, డిపాజిట్లు, బీమా, చీటీ, తాకట్టు కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి, ప్రతి దాంట్లో నామినీ పేరు ఉందో లేదో ఈ ఆదివారమే చూడండి. చనిపోయిన అత్తగారి పేరే ఇంకా నామినీగా ఉన్న పాస్‌బుక్కులు మా సంఘంలోనే నాలుగు బయటపడ్డాయి. ఆధార్ కాపీ తీసుకుని వెళ్తే బ్యాంకులో ఒక ఫారంతో మారుస్తారు.